జీపీ దగ్గర పేరు రాయించుకున్నారా?



ఇంగ్లండుకు చదువుకోడానికి బయల్దేరే మన పిల్లలు విమానం ఎక్కకముందే అక్కడి వైద్యానికి డబ్బు కట్టేసి ఉంటారు. యూనివర్సిటీ ఫీజు వేరు, వీసా ఫీజు వేరు. వాటితో పాటు ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జి అని ఇంకొకటి ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి విద్యార్థికి అది ఏడాదికి 776 పౌండ్లు. మన డబ్బులో ఎనభై వేల పైమాటే. ఎన్ని ఇళ్లలో ఈ సొమ్ము కూడా బ్యాంకు లోనులోనే కలిసిపోయి ఉంటుందో!

తీరా అక్కడికి వెళ్లాక జ్వరం వస్తే ఏం చేస్తారు? సూట్‌కేసులో అమ్మ సర్దిన మాత్రలు తీసి వేసుకుంటారు. తగ్గకపోతే హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న తెలిసిన డాక్టరుకి వాట్సాప్‌లో మెసేజ్ పెడతారు. అప్పటికీ తగ్గకపోతే ఓర్చుకుంటారు. డబ్బు కట్టిన వైద్యం నాలుగు వీధుల అవతలే ఉంటుంది. అక్కడికి ఎలా వెళ్లాలో, వెళ్లి ఏమని అడగాలో చెప్పినవాళ్లు ఉండరు.

ఆ నాలుగు వీధులు ఎలా దాటాలన్నదే ఈ ప్రసంగం.

ఇంగ్లండులో వైద్యానికి మొదటి మెట్టు జీపీ. జనరల్ ప్రాక్టీషనర్. మన వాడుకలో ఫ్యామిలీ డాక్టరు. మన ఊళ్లలో మోకాలు నొప్పి వస్తే నేరుగా ఎముకల డాక్టరు దగ్గరికి పోతాం. దురద వస్తే చర్మవ్యాధుల బోర్డు ఎక్కడుందో వెతుక్కుంటాం. అక్కడి ప్రభుత్వ వైద్యంలో అలా కుదరదు. ముందు జీపీ చూస్తారు. అవసరమనుకుంటే పెద్దాసుపత్రి స్పెషలిస్టుకి ఉత్తరం రాస్తారు. అంటే జీపీ జాబితాలో మీ పేరు లేకపోతే, ఆ తర్వాతి తలుపులు చాలామటుకు తెరుచుకోవు.

కాబట్టి మొదటి మాట ఇది. జబ్బు రాకముందే జీపీ దగ్గర పేరు రాయించుకోవాలి. అద్దె గది కుదిరిన వారంలోనే. ఇంకా ఒంట్లో బాగున్నప్పుడే.

ఇక్కడే మనవాళ్లు చాలామంది ఆగిపోతారు. ఇంటి అగ్రిమెంటు తన పేరు మీద లేదు. కరెంటు బిల్లు స్నేహితుడి పేరు మీద ఉంది. ఒక గదిలో ముగ్గురు ఉంటున్నారు. ఏ కాగితం చూపించాలి? నిజానికి ఇంగ్లండులో జీపీ దగ్గర పేరు రాయించుకోడానికి చిరునామా రుజువు తప్పనిసరి కాదు. గుర్తింపు కార్డు తప్పనిసరి కాదు. వీసా కాగితం తప్పనిసరి కాదు. క్లినిక్ వాళ్లు అడగవచ్చు. ఉంటే చూపించవచ్చు. లేవని చెప్పినంత మాత్రాన వెనక్కి పంపడానికి వీల్లేదు. మళ్లీ చెప్పుకుందాం. కాగితాలు లేవన్న కారణంతో పేరు రాసుకోము అనడానికి వీల్లేదు.

మరి ఎప్పుడు కాదనవచ్చు? ఇల్లు ఆ క్లినిక్ పరిధికి బయట ఉన్నప్పుడు. లేదా కొత్తవాళ్లను చేర్చుకోవడం వాళ్లు అధికారికంగా ఆపేసినప్పుడు. ఇలాంటి సరైన కారణం ఉంటే కాదనవచ్చు. అయినా ఆ కారణాన్ని రాతపూర్వకంగా, 14 రోజుల్లోగా చెప్పాలి. చాలాసార్లు కౌంటర్లో ఉన్న కొత్త ఉద్యోగికి ఈ నియమం తెలియదు. అప్పుడు గొడవ పడనక్కర్లేదు. కాదంటున్న కారణం రాసి ఇవ్వండి అని మర్యాదగా అడిగితే చాలు. అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ నేషనల్ హెల్త్ సర్వీస్, అంటే ఎన్.హెచ్.ఎస్., వాళ్లే జీపీ యాక్సెస్ కార్డు అని చిన్న కార్డు తయారుచేశారు. పేరు రాయించుకునే హక్కు నాకుంది, చిరునామా రుజువు అక్కర్లేదు అని దాని మీద ఉంటుంది. ఇంగ్లీషులో వాదించడం కష్టమైనవాళ్లు ఆ కార్డు చూపిస్తే సరిపోతుంది.

ఇంత ఉదారంగా ఎందుకు పెట్టారు? దీని వెనక వేల్స్‌లోని ట్రెడీగర్ అనే ఊరి కథ ఉంది. అక్కడి గని కార్మికులు, ఉక్కు కార్మికులు తమ సంపాదనలోంచి కొంత కొంత వేసుకుని సొంతంగా డాక్టర్లను పెట్టుకున్నారు. ఆ ఊళ్లో పుట్టి, 13 ఏళ్లకే బడి మానేసి గనిలోకి దిగిన కుర్రాడు అన్యూరిన్ బెవన్. తర్వాత ఆయనే బ్రిటన్ ఆరోగ్య మంత్రి అయ్యారు. 1948 జూలై 5న నేషనల్ హెల్త్ సర్వీసుని ప్రారంభించారు. అంతకు ముందు, 1911 నాటి చట్టం కింద బీమా ఉన్న కార్మికుడికి డాక్టరు ఉండేవాడు. అతని భార్యకి లేడు. పిల్లలకి లేడు. ఇంట్లో ఆడవాళ్లు ఏళ్ల తరబడి జబ్బులు దాచుకుని బతికారు. ఆ దాపరికం పోవాలంటే డాక్టరు గుమ్మం దగ్గర డబ్బు అడగకూడదని బెవన్ పట్టుబట్టారు. ఇప్పటికీ జీపీని చూసినందుకు ఒక్క పైసా తీసుకోరు.

ఆ తర్వాతి కథలో మనవాళ్లూ ఉన్నారు. 1950లు, 60ల్లో స్థానిక డాక్టర్లు వెళ్లడానికి ఇష్టపడని గని ఊళ్లలో, కార్ఖానాల పేటల్లో జీపీలుగా కుదురుకున్నవాళ్లలో భారతదేశం నుంచి వెళ్లిన డాక్టర్లు ఎంతోమంది. విశాఖ, గుంటూరు, హైదరాబాదు మెడికల్ కాలేజీల్లో చదివినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. మన పిల్లలు ఈరోజు సంకోచిస్తూ నిలబడే గుమ్మాలను ఇన్నేళ్లు నిలబెట్టినవాళ్లలో మన డాక్టర్లూ ఉన్నారన్నమాట.

సరే, పేరు రాయించుకున్నారు. ఇప్పుడు ఒంట్లో బాగాలేదు. అపాయింట్‌మెంట్ ఎలా?

చాలాకాలంగా అక్కడ ఒక తంతు నడిచేది. ఉదయం ఎనిమిది గంటలకు ఫోన్లు తెరుచుకుంటాయి. ఊరంతా ఒకేసారి ఫోన్ చేస్తుంది. లైన్ దొరికేసరికి ఆ రోజుకి ఖాళీలు అయిపోతాయి. రేపు మళ్లీ ఎనిమిదికి చేయండి అంటారు. రాత్రి షిఫ్టు చేసి తెల్లవారుజామున పడుకునే విద్యార్థికి ఎనిమిదింటికి లేవడమే ఒక శిక్ష. 2025 అక్టోబరు 1 నుంచి ఇందులో మార్పు వచ్చింది. పని రోజుల్లో పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఆన్‌లైన్ అభ్యర్థన ఫారం తెరిచే ఉంచాలని ఇంగ్లండులోని క్లినిక్కులకు నియమం పెట్టారు. క్లినిక్ వెబ్‌సైటులో ఉంటుంది. ఎన్.హెచ్.ఎస్. యాప్‌లోంచి కూడా చాలాచోట్ల పంపవచ్చు. అత్యవసరం కాని సంగతి ఏదైనా తీరిగ్గా కూర్చుని, మాటలు వెతుక్కుని రాయవచ్చు. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు తడబడి, రాసేటప్పుడు బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లకిది నిజంగా మేలు.

ఫోన్ చేసినా, నేరుగా వెళ్లినా ముందు మాట్లాడేది రిసెప్షనిస్టు. ఆవిడ అడిగే మొదటి ప్రశ్న మనవాళ్లకి నచ్చదు. సమస్య ఏమిటి? ఎందుకు చూడాలి డాక్టరు? మన ఊళ్లో కాంపౌండరు పేరు, వయసు రాసుకుని లోపలికి పంపుతాడు. ఈవిడెవరు నా జబ్బు గురించి అడగడానికి అనిపిస్తుంది. అందుకే చాలామంది ఏదో జ్వరం అని ముక్తసరిగా చెప్పి ఊరుకుంటారు. ఫలితం, వారం తర్వాత అపాయింట్‌మెంటు.

ఆవిడ అడగడానికి కారణం ఉంది. ఎవరిని ఈరోజే చూడాలి, ఎవరు రెండు రోజులు ఆగగలరు అన్నది తేల్చే పనిలో ఆమెకు శిక్షణ ఇచ్చి పెట్టారు. పైగా ఆ క్లినిక్‌లో డాక్టరు ఒక్కరే ఉండరు. నర్సు ఉంటుంది. మందుల నిపుణుడు ఉంటాడు. చాలాచోట్ల ఫిజియోథెరపిస్టు కూడా ఉంటాడు. నడుం పట్టేసినవాడు డాక్టరు కోసం వారం ఆగేకంటే ఫిజియోథెరపిస్టుని రేపే చూడటం మంచిది కదా! మరో సంగతి. డాక్టరులాగే ఆవిడ కూడా రోగి గుట్టు బయటపెట్టకూడదు. నలుగురి ముందు చెప్పలేని విషయమైతే, ఇది వ్యక్తిగతం, డాక్టరుకే చెబుతాను అనవచ్చు. తప్పుగా అనుకోరు.

చెప్పేటప్పుడు మూడు ముక్కలు చెబితే చాలు. ఎన్నాళ్ల నుంచి ఉంది? పెరుగుతోందా? దాని వల్ల ఏ పని చేసుకోలేకపోతున్నారు? ఉదాహరణకి, కడుపునొప్పిగా ఉందండి అన్నది ఒక మాట. మూడు రోజుల నుంచి కడుపులో కుడివైపు కింద నొప్పి, నిన్నటికంటే ఈరోజు ఎక్కువైంది, నిటారుగా నిలబడలేకపోతున్నాను అన్నది ఇంకో మాట. రెండో మాట విన్న మనిషి ఫోన్ పెట్టేయదు. వెంటనే ఎవరో ఒకరు చూసేలా పరుగు పెట్టిస్తుంది.

డాక్టరు గదిలోకి వెళ్లాక సమయం తక్కువ. మామూలుగా పది నిమిషాలు. మన పెద్దవాళ్లకి ఒక అలవాటుంది. ముందు కుశల ప్రశ్నలు, తర్వాత మోకాళ్లు, తర్వాత నిద్ర పట్టకపోవడం. లేచి వచ్చేస్తూ గుమ్మం దగ్గర ఆగి, ఈమధ్య మెట్లెక్కుతుంటే గుండె పట్టేసినట్టుంటోంది డాక్టరుగారూ అంటారు. అసలు చెప్పాల్సింది అదే. అదే మొదట చెప్పాలి. రెండు మూడు సమస్యలుంటే అపాయింట్‌మెంటు అడిగేటప్పుడే రెట్టింపు సమయం కావాలని చెప్పాలి.

భాష సంగతి. ఇది చాలామందికి తెలియని హక్కు. జీపీ దగ్గర దుబాసీ సాయం ఉచితం. తెలుగు మాట్లాడే దుబాసీ కావాలని అపాయింట్‌మెంటు అడిగేటప్పుడే చెప్పాలి. చాలాసార్లు ఫోన్లో కలుపుతారు. మా అబ్బాయి ఉన్నాడుగా, వాడు చెబుతాడు అనుకుంటారు పెద్దవాళ్లు. ఒకసారి ఆలోచించండి. గర్భసంచి జారి నలిగిపోతున్న తల్లి ఆ మాట కొడుకు చేత ఇంగ్లీషులో చెప్పించగలదా? మొగుడు కొడుతున్నాడని ఆ మొగుడే అనువదిస్తాడా? ఇంటి మనుషులు ప్రేమతోనే కొన్ని మింగేస్తారు, కొన్ని కలుపుతారు. బయటి దుబాసీకి ఆ మొహమాటం లేదు. ఆడ డాక్టరు కావాలని అడగవచ్చు. పరీక్ష చేసేటప్పుడు మరో మనిషి పక్కన ఉండాలని కూడా అడగవచ్చు.

ఇక మందుల దగ్గరికి వద్దాం. గొంతునొప్పితో వెళ్లిన కుర్రాడికి డాక్టరు చూసి, పారాసిటమాల్ వేసుకో, నీళ్లు తాగు, తగ్గకపోతే మళ్లీ రా అంటారు. ఆ కుర్రాడికి ఒళ్లు మండిపోతుంది. ఇంత దూరం వస్తే ఒక ఇంజెక్షన్ లేదు, యాంటీబయాటిక్ లేదు! మన దగ్గర మందుల షాపులో అడిగితే స్ట్రిప్ చేతికిచ్చే రోజులు చూసి పెరిగినవాడు మరి. కానీ గొంతునొప్పి చాలావరకు వైరస్ వల్ల వస్తుంది. దాదాపు వారంలో దానంతట అదే తగ్గుతుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. అనవసరంగా వాడితే, నిజంగా అవసరమైన రోజున ఆ మందుకి లొంగని క్రిములు తయారవుతాయి. ఈ విషయంలో ఆ డాక్టరు చేసింది నూటికి నూరుపాళ్లు సరైన వైద్యం. ఏ లక్షణం కనిపిస్తే మళ్లీ రావాలి అన్నది మాత్రం అడిగి తెలుసుకుని రావాలి.

చిన్న సమస్యలకు జీపీ దాకా కూడా వెళ్లనక్కర్లేదు. 2024 జనవరి 31 నుంచి ఇంగ్లండులో ఫార్మసీ ఫస్ట్ అనే పద్ధతి నడుస్తోంది. వీధి చివరి మందుల షాపులో ఉండే ఫార్మసిస్టు ఏడు రకాల సమస్యలను తానే చూసి, అవసరమైతే యాంటీబయాటిక్ కూడా ఇస్తారు. ఏడూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఆడవాళ్లకు బాగా పనికొచ్చేది ఒకటుంది, మూత్రంలో మంట. 16 నుంచి 64 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీలకు, కడుపుతో లేనివారికి, మామూలు ఇన్‌ఫెక్షన్ అయితే అక్కడే వైద్యం దొరుకుతుంది. ఇది కాక పిల్లలకు చెవిపోటు, గొంతునొప్పి, పురుగు కుట్టి చీము పట్టడం లాంటివి. పక్కన చిన్న గది ఉంటుంది. అందరి ముందూ చెప్పాల్సిన పని లేదు.

మందులకు మాత్రం ఇంగ్లండులో డబ్బు కట్టాలి. 2025లో ఒక్కో మందుకి 9 పౌండ్ల 90 పెన్నీలు. పదహారేళ్ల లోపు పిల్లలకు, 60 నిండినవారికి, గర్భిణులకు, బాలింతలకు ఉచితం. షుగరుకి మందులు వాడేవాళ్లు మినహాయింపు సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఆదాయం తక్కువ ఉన్న విద్యార్థి కూడా ఫారం నింపి సాయం కోరవచ్చు. వేల్స్, స్కాట్లండ్‌లలో అయితే అసలు ఎవరికీ ఈ రుసుము లేదు.

రాత్రి పదకొండింటికి జ్వరం పెరిగింది. క్లినిక్ మూసేశారు. అప్పుడు 111. ఒకటి ఒకటి ఒకటి. ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది. ఎక్కడికి వెళ్లాలో వాళ్లే చెబుతారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు 999. మన 108 లాంటిది. ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం, మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, ఇలాంటప్పుడు ఆలోచన వద్దు. సందేహమైతే 111. ప్రాణాపాయమైతే 999.

అమెరికాలో అంబులెన్స్ పిలిస్తే వేల డాలర్ల బిల్లు వస్తుందని విన్నవాళ్లు ఇంగ్లండులోనూ భయపడుతున్నారు. అక్కడ 999 అంబులెన్సుకి బిల్లు వేయరు.

ఇప్పుడు, పిల్లల్ని చూడటానికి ఆరు నెలల విజిటర్ వీసా మీద వెళ్లే తల్లిదండ్రుల మాట. వీళ్లు సర్‌చార్జి కట్టరు. అయినా జీపీని చూడటం వీళ్లకీ ఉచితమే. మూడు నెలల లోపు ఉండేటట్టయితే తాత్కాలిక రోగిగా పేరు రాయించుకోవచ్చు. పెద్దాసుపత్రిలో మాత్రం లెక్క మారుతుంది. అత్యవసర విభాగంలో చేసిన చికిత్సకు డబ్బు లేదు. అక్కడి నుంచి వార్డులో చేర్చారా, బిల్లు మొదలవుతుంది. అదీ మామూలు రేటుకి ఒకటిన్నర రెట్లు. ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా బీపీ, షుగరు ఉన్న పెద్దవాళ్లు బయల్దేరడం మంచిది కాదు. ఉన్న జబ్బులన్నీ ఆ పాలసీలో నిజాయితీగా రాయించాలి. వాడే మందుల చీటీ వెంట ఉండాలి. కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా మన డాక్టరు చేత రాయించుకుని వెళ్లండి. మన కంపెనీ పేర్లు అక్కడి వాళ్లకి తెలియవు.

మనసు బాగాలేనప్పుడు? ఈ మాట మెల్లగా, కానీ గట్టిగా చెప్పాలి. అప్పు చేసి వెళ్లారు. పార్ట్‌టైమ్ పని దొరకలేదు. చలికాలం నాలుగింటికే చీకటి పడుతుంది. ఇంటికి ఫోన్ చేసి అంతా బాగానే ఉంది నాన్నా అంటారు. నిద్ర లేదు, ఆకలి లేదు. ఇది కూడా జీపీకి చెప్పుకోదగ్గ జబ్బే. ఇంగ్లండులో జీపీ ఉత్తరం లేకుండానే, టాకింగ్ థెరపీస్ అనే సేవకు తామే నేరుగా పేరు ఇచ్చుకోవచ్చు. మాట్లాడే మనిషి ఇప్పుడే కావాలనిపిస్తే సమారిటన్స్ అనే సంస్థ ఫోన్ 116 123. ఏ వేళైనా ఉచితం. ఎవరికీ చెప్పరు. వీసాకి అడ్డం వస్తుందని భయపడి ఊరుకోవడం వల్ల పిల్లలు నలిగిపోతున్నారు. డాక్టరుకి చెప్పుకున్న దిగులు యూనివర్సిటీకో ఇంటికో డాక్టరు మోసుకెళ్లి చెప్పరు. ప్రాణానికే ముప్పు అనుకున్నప్పుడు తప్ప, అనుమతి లేకుండా గుట్టు విప్పరు.

ఇంకొక్క సంగతి. మన విద్యార్థులు ఏడాదిలో రెండు మూడు గదులు మారతారు. ఊరే మారతారు. జీపీకి మాత్రం చెప్పరు. స్పెషలిస్టు అపాయింట్‌మెంటు ఉత్తరం పాత చిరునామాకి వెళుతుంది. అక్కడ ఎవరూ తెరవరు. రాలేదు కాబట్టి పేరు కొట్టేస్తారు. మళ్లీ మొదటి నుంచి వరుస. ఇరవై అయిదు దాటిన ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పరీక్షకు పిలుపు వచ్చేది, పసిపిల్లలకు టీకాల పిలుపు వచ్చేది ఈ జాబితా చూసే. ఇల్లు మారితే బ్యాంకుకి చెప్పినట్టే జీపీకీ చెప్పాలి. దూరం వెళ్లిపోతే కొత్త జీపీ దగ్గర పేరు రాయించుకోవాలి. పాత రికార్డులు వాటంతట అవే వెనకాల వస్తాయి.

ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో పిల్లల్ని ఇంగ్లండుకి పంపిన తల్లిదండ్రులు ఉంటారు. కోవెంట్రీలోనో, లెస్టర్‌లోనో, మిడిల్స్‌బరోలోనో మీ అమ్మాయో అబ్బాయో ఉండి ఉంటారు. ఈ వారం ఫోన్ చేసినప్పుడు తిన్నావా అని అడిగాక, జీపీ దగ్గర పేరు రాయించుకున్నావా అని కూడా అడగండి. లేదంటే, కాగితాలు లేకపోయినా రాసుకుంటారట, రేపే వెళ్లు అని చెప్పండి.